తెర మీద కర్త ఎక్కడ?

(జిల్లాల్లో చట్టాల గురించి శిక్షణ ఇచ్చే మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్లైడ్లు బాగా తయారు చెయ్యడం ఎలాగో చెప్పమని నన్ను పిలిచారు. ఇది కంప్యూటర్ క్లాసు అనుకుని వచ్చినవాళ్లకి కొంచెం నిరాశ కలగొచ్చు. ఏ బటన్ నొక్కితే ఏం వస్తుందో మీలో చిన్నవాళ్లు నాకంటే బాగా చెప్పగలరు. నేను మాట్లాడదలచుకున్నది వేరే సంగతి. చట్టం గురించి మనం చెప్పే మాట తెర మీదికి ఎక్కేటప్పుడు దానికేమవుతోంది? అందులో ఏది మిగులుతోంది, ఏది జారిపోతోంది? జారిపోయినదాని వల్ల నష్టపోతున్నది ఎవరు?

ఒకప్పుడు మనం ఫ్లిప్ చార్టులు, పాటలు, వీధి నాటకాలు పట్టుకుని వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆఫీసులోనూ, ఫ్యాక్టరీలోనూ, కాలేజీలోనూ, చివరికి మండల సమాఖ్య మీటింగులోనూ ప్రొజెక్టర్ వచ్చి కూర్చుంది. వద్దనడం నా ఉద్దేశం కాదు. పని చేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, 19వ సెక్షన్లో, యజమాని క్రమం తప్పకుండా అవగాహనా కార్యక్రమాలు జరపాలని చెప్పింది. ఆ కార్యక్రమం చాలా చోట్ల ఒక గంట స్లైడ్ల ప్రదర్శనగా మారింది. అంటే వేలమంది స్త్రీలకి తమ హక్కు గురించి తెలిసేది ఆ గంటలో తెర మీద కనబడినంత మేరకే. అందుకే స్లైడు ఎలా రాయాలన్నది హక్కులకి సంబంధించిన ప్రశ్న అంటున్నాను.

పవర్‌పాయింట్ 1987లో మార్కెట్లోకి వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది. అది వ్యాపార సంస్థల మీటింగుల కోసం పుట్టిన పనిముట్టు. కొత్త స్లైడు తెరిస్తే చాలు, పైన శీర్షికకి ఒక పెట్టె, కింద చుక్కలతో జాబితాకి ఒక పెట్టె సిద్ధంగా వుంటాయి. ఆ చుక్కల పక్కన మనం పూర్తి వాక్యాలు రాయం. ముక్కలు రాస్తాం. "మహిళలపై హింస", "ఫిర్యాదు స్వీకరణ", "తగు చర్యలు". వీటిలో క్రియ లేదు. అంతకంటే ముఖ్యం, కర్త లేదు. హింస ఎవరు చేశారు? ఫిర్యాదు ఎవరు తీసుకోవాలి? తగు చర్యలు ఎవరు, ఎన్ని రోజుల్లో తీసుకోవాలి? ఆడవాళ్ల మీద జరిగే నేరాన్ని చేసినవాడి పేరు లేకుండా చెప్పే అలవాటు మన సమాజానికి ఎప్పట్నుంచో వుంది. "ఆ అమ్మాయికి అలా జరిగింది" అంటాం తప్ప "వాడు అలా చేశాడు" అనం. చుక్కల జాబితా ఆ పాత అలవాటుకి కొత్త సౌకర్యం కల్పించింది.

స్లైడులో మాట జారిపోతే ఎంత దూరం పోతుందో చెప్పడానికి, మన పనికి దూరంగా వున్నట్టు కనబడే ఒక ఉదాహరణ చెప్తాను. 2003 జనవరి 16న అమెరికాలో కొలంబియా అంతరిక్ష నౌక బయలుదేరింది. పైకి లేచిన నిమిషంన్నర లోపే ఇంధనపు ట్యాంకు నుంచి ఒక నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. నౌక పైన తిరుగుతుండగానే, దెబ్బ ఎంత ప్రమాదకరమో ఇంజనీర్లు లెక్కలు వేసి అధికారులకి స్లైడ్ల ద్వారా చెప్పారు. వాటిలో ఒక స్లైడు తర్వాత చాలా చర్చకి వచ్చింది. దాని శీర్షిక చదివితే పరీక్షల ఫలితాలు భరోసా ఇస్తున్నాయనిపిస్తుంది. కింద చుక్కలు, చుక్కల కింద ఇంకా చిన్న చుక్కలు. "గణనీయమైన" అన్న మాట అయిదుసార్లు వుంది గానీ ఎంతైతే గణనీయమో లేదు. అట్టడుగున, ఎవరి కన్నూ పడని చోట అసలు సంగతి వుంది. పరీక్షలు చేసింది 3 ఘనపుటంగుళాల ముక్కతో. రెక్కకి తగిలిందనుకున్న ముక్క 1920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. ఆ పరీక్షల్ని బట్టి ఈ దెబ్బ గురించి ఏమీ చెప్పలేం అన్నది అక్కడ శీర్షికగా వుండాల్సిన వాక్యం.

ఫిబ్రవరి 1న తిరిగొస్తూ కొలంబియా ఆకాశంలోనే ముక్కలైపోయింది. అందులోని ఏడుగురూ చనిపోయారు. మన కల్పనా చావ్లా, డాక్టర్ లారెల్ క్లార్క్ వాళ్లలో వున్నారు. స్లైడు వల్లే వాళ్లు చనిపోయారని అనడం అన్యాయం. కారణం రెక్కకి పడిన చిల్లు, దాన్ని పట్టించుకోని యాజమాన్య సంస్కృతి. కానీ ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ సంఘం నివేదిక ఈ స్లైడుని ప్రత్యేకంగా ఎత్తి చూపింది. పైఅధికారి దాన్ని చదివి కూడా ఇది ప్రాణాల మీదికొచ్చిన విషయమని గుర్తించకపోవడం ఆశ్చర్యం కాదని చెప్పింది. సాంకేతిక నివేదికల స్థానంలో స్లైడ్లు వాడే పద్ధతినీ తప్పు పట్టింది. స్లైడ్ల మీద విమర్శలు చేసిన ఎడ్వర్డ్ టఫ్టీ ఈ స్లైడుని వాక్యం వాక్యంగా విప్పి చూపించాడు.

ఇప్పుడు మన పనికి వద్దాం. ఒక సంస్థలో ఉద్యోగినులకి చూపించిన స్లైడ్లు నేను చూశాను. సంస్థ పేరు అనవసరం, ఇలాంటివి మీరూ చూసే వుంటారు. అరవై పైచిలుకు స్లైడ్లు. "ఫిర్యాదు ప్రక్రియ" అన్న స్లైడులో అయిదు చుక్కలు: ఫిర్యాదు, రాజీ, విచారణ, నివేదిక, చర్యలు. చూస్తే అన్నీ వున్నట్టే వుంది. ఒక్కో మాటా పట్టుకుని చట్టంతో పోల్చి చూద్దాం.

"ఫిర్యాదు". వేధింపు జరిగిన 3 నెలల లోపు ఇవ్వాలి. పదే పదే జరిగితే చివరిసారి జరిగిన రోజు నుంచి 3 నెలలు. ఆమె ఆ గడువులో ఇవ్వలేని పరిస్థితి వుందని కమిటీ నమ్మితే, కారణాలు రాసి మరో 3 నెలలు పెంచొచ్చు. రాతపూర్వకంగా ఇవ్వలేని స్త్రీకి రాయడంలో సాయపడడం కమిటీ బాధ్యత. ఇవన్నీ ఆ ఒక్క మాటలో మాయమైపోయాయి. 3 నెలల సంగతి నలభయ్యో స్లైడులో, చిన్న అక్షరాల్లో వుంది. కొలంబియా స్లైడులో 640 రెట్లు ఎక్కడుందో ఇదీ అక్కడే వుంది. ఉద్యోగం పోతుందన్న భయంతో, ఇంట్లో ఏమంటారోనన్న భయంతో నెలలు గడిపే స్త్రీకి ఆ గడువు తెలియకపోతే చట్టం వున్నా లేనట్టే.

"రాజీ". రెండో చుక్కగా పెట్టారు కాబట్టి, ఫిర్యాదు ఇచ్చాక జరగాల్సిన రెండో మెట్టు అదే అనిపిస్తుంది. చట్టంలో అలా లేదు. ఫిర్యాదు చేసిన స్త్రీ తనంతట తాను అడిగితేనే కమిటీ రాజీ ప్రయత్నం చెయ్యాలి. అదీ విచారణ మొదలు పెట్టకముందే. డబ్బు పుచ్చుకుని సర్దుకోవడం రాజీకి ప్రాతిపదిక కాకూడదు. కర్త లేని ఆ ఒక్క మాట, ఆమె హక్కుని ఆమె మీద ఒత్తిడిగా మార్చేసింది.

"విచారణ, నివేదిక, చర్యలు". కమిటీ విచారణని 90 రోజుల్లో పూర్తి చెయ్యాలి. పూర్తయిన 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దాని కాపీ ఆమెకీ అందాలి. ఆ సిఫార్సుల మీద యజమాని 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. ఎవరు, ఎన్ని రోజుల్లో అన్నవి తీసేస్తే ఇక ఆమె ఎవర్ని నిలదీస్తుంది?

అదే ప్రదర్శనలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, ఎర్ర రంగులో, ఒక స్లైడు మొత్తం దేనికి కేటాయించారో తెలుసా? "తప్పుడు ఫిర్యాదులకు శిక్ష" అన్నదానికి. దురుద్దేశంతో పెట్టిన ఫిర్యాదు మీద చర్య తీసుకోమని సిఫార్సు చేసే వీలు చట్టంలో వుంది, నిజమే. కానీ ఆరోపణ రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన ఆ ఫిర్యాదు కింద చర్య తీసుకోనక్కర్లేదని అదే సెక్షన్ చెప్తోంది. ఆ వాక్యం స్లైడులో లేదు. ఆ గదిలోంచి బయటికొచ్చే స్త్రీలు ఏం నేర్చుకుని వస్తారు? నోరు మూసుకోవడమే క్షేమమని. అక్షరాల సైజు, రంగు, వరస, ఇవన్నీ అలంకారాలని మనం అనుకుంటాం. ఏది ముఖ్యమో ఏది కాదో ముందుగా తీర్పు చెప్పేసేవి అవే.

అందుకని మొదటి సూత్రం. శీర్షికగా మాట కాదు, వాక్యం రాయండి. ఆ వాక్యంలో ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నవి వుండాలి. "నివాస హక్కు" అని కాకుండా, "ఇల్లు ఆమె పేరున లేకపోయినా, చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఆమెని ఇంట్లోంచి పంపెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు" అని రాయండి. 2005 నాటి గృహహింస చట్టం 17వ సెక్షన్ చెప్పేది అదే. కాస్త పొడుగైంది కదా అంటారు. అవును, పొడుగే. కాబట్టి ఆ స్లైడులో ఇంకేమీ పెట్టకండి. ఒక స్లైడు, ఒక వాక్యం, అవసరమైతే ఒక బొమ్మ. అయిదు చుక్కలున్న స్లైడుని అయిదు స్లైడ్లు చేసినా వచ్చే ఖర్చేమీ లేదు.

మిగతాదంతా ఎక్కడ చెప్పాలి? నోటితో చెప్పాలి, చేతికిచ్చే కాగితంలో రాయాలి. చాలామంది స్లైడుని తాము మర్చిపోకుండా వుండడానికి రాసుకుంటారు, తర్వాత దాన్నే చదువుతారు. మీకు కావలసిన గుర్తుల కోసం స్లైడు కింద నోట్స్ అనే చోటు వుంది. అది మీకే కనబడేలా పెట్టుకోవచ్చు. వినేవాళ్లలో చదవడం రానివాళ్లుంటే, వాళ్ల ఎదుట తెర నిండా అక్షరాలు నింపడం వాళ్లని బయట నిలబెట్టడమే. ఎవరైనా స్త్రీ లేచి తన కథ చెప్పడం మొదలు పెడితే, ప్రదర్శన నడుస్తుండగా కీబోర్డు మీద ఇంగ్లీషు 'బి' అక్షరం నొక్కండి, తెర నల్లబడుతుంది. అందరి చూపూ ఆమె వైపు తిరుగుతుంది. మళ్లీ నొక్కితే స్లైడు వస్తుంది.

చిన్నగా, సూటిగా చెప్తే మనసుకెక్కుతుందనడానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ వుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో కొత్తగా చదువు నేర్చుకునే స్త్రీల కోసం తయారుచేసిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం వుండేది. తాగుబోతు భర్త వల్ల ఒక స్త్రీ బతుకు ఏమైందో చెప్పే చిన్న పాఠం. ఇది మా ఊరి కథే అనుకున్నారు చదివిన స్త్రీలు. 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ మాట జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించాల్సి వచ్చింది. ఒక్క పాఠం ఉద్యమాన్ని పుట్టించిందని నేననను. ఎన్నో ఏళ్ల బాధ, కలిసి కూర్చునే రాత్రి బడి, నాయకత్వం వహించిన దళిత, వెనకబడిన కులాల స్త్రీలు, ఇవన్నీ వున్నాయి. కానీ ఆ పాఠంలో ఒక మనిషి వుంది, ఆమెకి ఒక పేరుంది, కష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో స్పష్టంగా వుంది. "మద్యపానం: దుష్ప్రభావాలు" అని నాలుగు చుక్కలు పెట్టి వుంటే ఎవరికైనా గుర్తుండేదా?

ఇక అంకెల సంగతి. అంకెలు మనకి కావాలి, ఎందుకంటే మన మాట ఊరికే నమ్మరు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో భర్త చేతిలో ఎప్పుడైనా హింస అనుభవించినవాళ్లు దేశం మొత్తం మీద 29.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. ఇది స్లైడులో పట్టికగా పెడితే కళ్లు జారిపోతాయి. "తెలంగాణలో పెళ్లయిన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు నలుగుర్ని భర్త ఎప్పుడో ఒకప్పుడు హింసించాడు" అని రాసి, పదిమంది బొమ్మలు గీసి, నాలుగింటికి రంగు వెయ్యండి. కర్త వున్నాడు చూశారా, వాక్యంలో.

అలాగని అంకెలతో మాయ చెయ్యకండి. నిలువు గీతల చార్టు సున్నా దగ్గర కాకుండా 28 దగ్గర మొదలుపెడితే, తెలంగాణ గీత ఆంధ్ర గీత కంటే నాలుగున్నర రెట్లు ఎత్తుగా కనబడుతుంది. అసలు తేడా నాలుగో వంతు కంటే తక్కువ. మన అంకెల్లో ఒక్కటి తప్పని తేలితే అవతలివాళ్లు మొత్తం సమస్యనే కొట్టిపారేస్తారు. అంకె ఏ సర్వేది, ఏ ఏడాదిది, ఎవర్ని లెక్కపెట్టింది అన్నది ఆ స్లైడు కిందే రాయండి.

బొమ్మల గురించి ఒక మాట. హింస అనగానే ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మ ఒకటి వుంది. చీకటి మూల, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూచున్న అమ్మాయి, గోడ మీద ఎత్తిన చెయ్యి నీడ. ఇందులో కూడా కొట్టినవాడికి మొహం లేదు, ఆమెకి నోరు లేదు. ఆ బొమ్మ చూసిన ఏ స్త్రీ అయినా "నేనంత దీనంగా లేను, ఇది నా కోసం కాదు" అనుకోవచ్చు. దాని బదులు కమిటీ ముందు కూర్చుని మాట్లాడుతున్న స్త్రీని గీయించండి. ఫిర్యాదు కాగితం ఎలా వుంటుందో చూపించండి.

నిజమైన కేసులు చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసిన స్త్రీ వివరాలు, ఫిర్యాదులోని విషయాలు బయటపెట్టకూడదు. ఆమెకి న్యాయం దొరికిందన్న సంగతి చెప్పొచ్చు గానీ ఆమెని గుర్తుపట్టేలా చెప్పకూడదు. అత్యాచార బాధితురాలి గుర్తింపు వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పేరు తీసేస్తే సరిపోతుందనుకోకండి. ఊరి పేరు, ఉద్యోగం, నెల, ఈ మూడూ వుంటే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఇప్పుడు ప్రతి స్లైడునీ ఎవరో ఒకరు సెల్‌ఫోన్లో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. మన వివరణ లేకుండా ఒంటరిగా తిరిగినా ఎవరికీ హాని చెయ్యని స్లైడే తెర మీదికి వెళ్లాలి.

తెలుగులో స్లైడు చేసేవాళ్లకి కొన్ని పనికొచ్చే విషయాలు తొందరగా చెప్పేస్తాను. మన అక్షరాలకి పైన గుడి, ఏత్వం వుంటాయి, కింద వత్తులుంటాయి. ఇంగ్లీషుకి సరిపోయే వరసల ఎడం మనకి చాలదు, పెంచుకోండి. అక్షరం సైజు 28 కంటే తగ్గించకండి. శీర్షిక ఇంకా పెద్దదిగా వుండాలి. మన హాళ్లలో కిటికీలకి తెరలుండవు, వెలుతురు పడుతుంది. అక్కడ లేత రంగు మీద నల్లటి అక్షరాలే కనబడతాయి. నలుపు మీద ఎరుపు ఎవరికీ కనబడదు. పాత అను ఫాంట్లతో టైపు చేసింది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలుగా వస్తుంది. యూనికోడ్‌లోనే టైపు చెయ్యండి. అయినా ఫాంటు మారి వరసలు చెదరొచ్చు కాబట్టి ఒక పి.డి.ఎఫ్. కాపీ వెంట పెట్టుకోండి. మీటింగుకి అరగంట ముందే వెళ్లి, చివరి వరస కుర్చీలో కూర్చుని చదివి చూడండి. చదవలేకపోతే ఆ వరసలో కూర్చునే స్త్రీకి మీరు ఏమీ చెప్పనట్టే. కరెంటు పోయినా మీటింగు ఆగకుండా వుండేలా సిద్ధపడి వెళ్లండి.

చివరిగా, స్లైడ్లకి కూడా వయసు మీద పడుతుంది. 2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి జరిగే నేరాలకి 498-ఎ అని కాదు, 85వ సెక్షన్ అని చెప్పాలి. లైంగిక వేధింపు 354-ఎ కాదు, 75. ఇప్పటికీ పాత అంకెలతో స్లైడ్లు ఒకరి నుంచి ఒకరికి నకలవుతూ తిరుగుతున్నాయి. పాత సెక్షన్ చెప్పిన స్త్రీని పోలీస్ స్టేషన్లో "ముందు చట్టం తెలుసుకుని రా" అని వెనక్కి పంపడానికి అదొక సాకు కాకూడదు. ప్రతి ప్రదర్శన మొదటి స్లైడు మీద దాన్ని చివరిసారి సరిచూసిన తేదీ వెయ్యండి. చివరి స్లైడు మీద "ధన్యవాదాలు" అని పూల బొమ్మ పెట్టకండి. ప్రశ్నలు అడుగుతున్నంతసేపూ తెర మీద నిలిచేది ఆ స్లైడే. అక్కడ 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, 112 అత్యవసర నంబరు వుండాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు వుంటే వెళ్లాల్సిన జిల్లా స్థానిక కమిటీ చిరునామా వుండాలి. మీ జిల్లాలో ఆ కమిటీ ఎక్కడుందో ముందు మీరు కనుక్కోవాలి. కనుక్కునే పనిలో అది కాగితం మీదే వుందని తేలితే, మన తర్వాతి పోరాటం ఏమిటో కూడా తెలిసినట్టే.

మధ్యాహ్నం మీరంతా బృందాలుగా కూర్చుంటారు. మీరు తెచ్చుకున్న ప్రదర్శనల్లోంచి ఒక్కొక్క స్లైడు తీసి, ప్రతి చుక్క మీదా వేలు పెట్టి అడగండి. ఇది ఎవరు చేశారు? ఇది ఎవరు చెయ్యాలి? ఎన్ని రోజుల్లో? చెయ్యకపోతే ఆమె ఎవరి దగ్గరికి వెళ్లాలి? జవాబు లేని చుక్కని కొట్టేసి, దాని చోట వాక్యం రాయండి. సాయంత్రం అందరం కలిసి ఆ వాక్యాలు చదువుకుందాం.